స్కాన్ బాగానే ఉందన్నారు, మరి మా బాబు ఎందుకిలా మారిపోయాడు?

అమ్మా, మీరు రాసినదంతా శ్రద్ధగా చదివాను. ఇదే ఇబ్బందిలో ఉన్న ఇతర తల్లిదండ్రులకు కూడా ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మూడు నెలల క్రితం పెళ్లి నుంచి తిరిగి వస్తుండగా రావులపాలెం దాటాక మీ కారును ఎదురుగా వచ్చిన వ్యాను ఢీకొంది. ఎనిమిదేళ్ల బాబు ముందు సీటులో మీ ఒళ్లో ఉన్నాడు. కొన్ని నిమిషాలు స్పృహ తప్పాడు, దారిలో వాంతులయ్యాయి. స్కాన్‌లో మెదడు ముందు భాగంలో చిన్న రక్తస్రావం కనిపించింది. ఆపరేషన్ అక్కర్లేదని నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపారు. నెల రోజులకు మళ్లీ స్కాన్ తీసి అంతా నార్మల్ అన్నారు. ఇప్పుడేమో పిల్లవాడు చిన్న మాటకే అరుస్తున్నాడు, చెప్పింది మరిచిపోతున్నాడు, మధ్యాహ్నం తరగతిలో బల్ల మీద తల వాల్చేస్తున్నాడు. టీచరు బద్ధకం అంటున్నారు, మీ అత్తగారు దిష్టి అంటున్నారు, తెలిసినవారు ఒకరు లోక్ అదాలత్‌లో రాజీ పడి ఇచ్చింది తీసుకోమంటున్నారు.

నేను పిల్లల వైద్యురాలిని. గోదావరి జిల్లాల ఆసుపత్రుల్లో తలకు గాయమైన పిల్లలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. బిడ్డను చూడకుండా నిర్ధారణ చేయకూడదు కాబట్టి కచ్చితంగా ఇదేనని చెప్పను. కానీ మీరు రాసిన లక్షణాలు ఒకదానికొకటి సరిగ్గా అతుకుతున్నాయి. మీ బాబు బద్ధకం పెంచుకోలేదు, మొండివాడూ కాలేదు. మెదడుకు తగిలిన దెబ్బ ఇంకా మానుతోంది. ఆ మానడం స్కాన్ గదిలో కనిపించదు, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తుంది. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికి రావడంతో ఈ వైద్యం పూర్తయిందని అనుకోకండి. మీవంటి తల్లిదండ్రులకు నేను ముందుగా చెప్పే మాట ఇదే.

స్కాన్ సంగతి ముందు చూద్దాం. మామూలు సీటీ స్కాన్ తీసేది ప్రాణాపాయం ఉందో లేదో తేల్చుకోవడానికి. ఎముక విరిగిందా, రక్తం గడ్డ కట్టిందా, మెదడు వాచిందా, వెంటనే కోయాలా వద్దా అన్న ప్రశ్నలకు అది చక్కగా సమాధానం చెబుతుంది. వేగంగా వెళ్తున్న కారు ఒక్కసారిగా ఆగినప్పుడు పుర్రె ఆగుతుంది, లోపలి మెదడు మాత్రం ముందుకు జరిగి వెనక్కు వస్తుంది. మన కోనసీమలో కురిడీ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల కొబ్బరి కదులుతుంది కదా, బయట చిప్ప మీద గీత కూడా ఉండదు. ఆ కదలికలో మెదడులో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబుర్లు మోసే సన్నని నరాల పోగులు సాగిపోతాయి, కొన్ని తెగుతాయి. వాటిని సీటీ చూపించలేదు. ఎంఆర్ఐలో చిన్న చిన్న రక్తపు చుక్కలు కొంత మెరుగ్గా కనిపిస్తాయి, అదీ అన్నిసార్లూ కాదు. ఎంఆర్ఐ తీయించాలా అని అడిగారు. న్యూరో డాక్టరుకు ఏదైనా అనుమానం ఉండి తీయించమంటే తీయించండి. ఇప్పుడు చేయవలసిన పనులు మాత్రం ఆ ఫిల్ము వచ్చినా రాకపోయినా ఒకటే. దానికోసం అప్పు చేయకండి.

డిశ్చార్జి కాగితంలో జీసీఎస్ 13 అని ఉందని రాశారు. అది స్పృహ ఎంత ఉందో తెలిపే, గ్లాస్గో నగరంలో 1974లో రూపొందిన కొలమానం. కళ్లు తెరవడం, మాట్లాడటం, చెప్పినట్టు కదలడం చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వరకు తేలికపాటి గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం. మీ బాబు తేలికపాటి వరుసలోకే వస్తాడు. అయితే స్కాన్‌లో రక్తస్రావం కనిపించిన పిల్లల విషయంలో నేను ఆ మాటను నమ్ముకుని ఊరుకోను. మార్కులు తేలికగా ఉన్నా, వారు కోలుకునే తీరు చాలాసార్లు మధ్యస్థ గాయం తగిలినవారి తీరుకు దగ్గరగా ఉంటుంది. రక్తస్రావం లేకుండా తల అదిరిన పిల్లల్లో ఎక్కువమంది ఒక నెలలో మామూలవుతారు. మీ బాబుకు ఇంకా సమయం పడుతుంది. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది వరకు మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. మూడో నెలలోనే నిరాశపడే పరిస్థితి కాదు.

పిల్లల మెదడు లేతది, ఇట్టే కోలుకుంటుందని మీకు ఎవరో చెప్పారట. అందులో సగమే నిజం. లేత మెదడుకు కొత్త దారులు వేసుకునే శక్తి ఉంది. అదే సమయంలో, అది ఇంకా కట్టుబడి పూర్తికాని మెదడు. ఓపిక పట్టడం, కోపాన్ని అదుపు చేసుకోవడం, రెండు పనులను వరుసలో పెట్టుకోవడం వంటివి చూసే ముందు భాగం ఇరవై ఏళ్లు దాటేవరకు పెరుగుతూనే ఉంటుంది. మీ బాబుకు దెబ్బ తగిలింది అక్కడే. పెద్దవారికి దెబ్బ తగిలితే ఏం పోయిందో వెంటనే తెలుస్తుంది. పిల్లలకు ఇంకా రాని విద్యకు కూడా దెబ్బ తగలవచ్చు, అది ఆ వయసు వచ్చాకే బయటపడుతుంది. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాకు బాగా గుర్తు. ఒకటో తరగతిలో ఆటో బోల్తాపడి తలకు దెబ్బ తగిలింది. రెండు, మూడు, నాలుగు తరగతులు బాగానే చదివింది. ఆరో తరగతికి హైస్కూలుకు మారాక పీరియడుకొక టీచరు, సబ్జెక్టుకొక నోటుబుక్కు, హోంవర్కు తనే గుర్తుపెట్టుకోవాలి. అక్కడ కుప్పకూలింది. ఆ ప్రమాదాన్ని అప్పటికి ఇంట్లో అందరూ మరిచిపోయారు, వయసు వచ్చి చదువు మీద శ్రద్ధ పోయిందనుకున్నారు. అందుకే మీ బాబు ఈ ఏడాది పూర్తిగా తేరుకున్నా ఆ డిశ్చార్జి కాగితాన్ని పదో తరగతి దాకా భద్రంగా ఉంచండి. బడి మారిన ప్రతిసారీ కొత్త టీచరుకు చెప్పండి.

నా దగ్గరకు ఇలాంటి పిల్లలు వస్తే ఫిల్ముల కంటే ముందు బడి నోటుబుక్కు అడుగుతాను. మీరూ ఈ రోజు తెరిచి చూడండి. ప్రమాదానికి ముందు రాసిన పేజీ ఒకటి, ఇప్పటి పేజీ ఒకటి పక్కపక్కన పెట్టండి. గాయపడ్డ పిల్లల పేజీలో పై నాలుగు వరుసలు ముత్యాల్లా ఉంటాయి. ఏడెనిమిది వరుసలు వచ్చేసరికి అక్షరాలు గీత దిగిపోతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి, చివరి వాక్యం సగంలో ఆగిపోతుంది. రాయడం రాక కాదు, ఓపిక అయిపోయి. శ్రద్ధ లేని పిల్లవాడి పేజీ మొదటి వరుస నుంచే గజిబిజిగా ఉంటుంది. ఉదయం పీరియడులో రాసినదీ మధ్యాహ్నం రాసినదీ విడిగా చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. టీచరుకు మీరు ఎంత వివరించినా కలగని నమ్మకం ఆ రెండు పేజీలు చూపిస్తే కలుగుతుంది.

ఇక ఈ వారం చేయవలసినవి. అన్నిటికంటే ముందు ఫిట్స్ రాకుండా ఇచ్చిన మందు గురించి. మీరు రాసిన పేరు లెవిటిరాసిటమ్. మంచి మందే, నేనూ రాస్తాను. కానీ కొంతమంది పిల్లల్లో అదే చిరాకు, కోపం, ఏడుపు తెచ్చిపెడుతుంది. బాబు కోపంలో దెబ్బ వాటా ఎంత, మందు వాటా ఎంత అన్నది మీ న్యూరో డాక్టరు తేల్చాలి. తల గాయాల తర్వాత ముందుజాగ్రత్తగా ఇచ్చే ఫిట్స్ మందును సాధారణంగా మొదటి వారానికే పరిమితం చేస్తారు. ప్రమాదం తర్వాత ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదంటున్నారు కాబట్టి, ఇది ఇంకా అవసరమా, మార్చవచ్చా, తగ్గించవచ్చా అని నేరుగా అడగండి. మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే, లేని ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

తర్వాత కళ్లు, చెవులు. బల్ల మీద తల వాల్చేసే పిల్లల్లో కొందరికి దగ్గరి అక్షరాలు రెండుగా కనిపిస్తుంటాయి, ఆ సంగతి చెప్పడం వారికి తెలియదు. దెబ్బ చెవి వెనక ఎముకకు తగిలితే వినికిడి తగ్గవచ్చు. అలాంటి పిల్లవాడు చెప్పిన మాట వినడం లేదని తిట్లు తింటాడు. కంటి డాక్టరుకు ప్రమాదం సంగతి చెప్పి రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూడమనండి. చెవికి ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి.

తలనొప్పికి పారాసెటమాల్ బరువును బట్టి ఇవ్వవచ్చు. వారంలో రెండు మూడు రోజులకు మించి అవసరమవుతోందంటే డాక్టరుకు చెప్పాలి. రోజూ వేస్తూ పోతే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది. ఆస్పిరిన్ వద్దు.

తలనొప్పి రోజురోజుకూ పెరగడం, తెల్లవారుజామున వాంతులు, లేపినా లేవని మగత, నడకలో తూలడం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ ప్రశ్న రాస్తూ కూర్చోకండి. అదే పూట స్కాన్, న్యూరో సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మానసిక సామర్థ్య పరీక్ష గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తప్పుగా చేయిస్తున్నారు. ఐక్యూ ఒక్కటి కొలిచి, బాగానే ఉంది వెళ్లండి అంటే మీకు ఒరిగేదేమీ లేదు. తలకు గాయమైన పిల్లల్లో ఐక్యూ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. దెబ్బతినేది ఏకాగ్రత, కొత్త విషయం గుర్తుపెట్టుకోవడం, ఆలోచనలో వేగం, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం. వాటిని విడివిడిగా కొలవాలి. ఆ పని చేసేవారు క్లినికల్ సైకాలజిస్టులు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మొదట అడగండి, అక్కడ కుదరకపోతే విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో. అక్కడికి పంపితే పిచ్చి అన్న ముద్ర పడుతుందని మీ ఇంట్లో భయపడతారని తెలుసు. ఇది జబ్బు చీటీ కాదు. ఏ పని ఎంత చేయగలడో తెలిపే చీటీ. రేపు బడిలోనూ కోర్టులోనూ మీ చేతిలో ఉండే బలమైన కాగితం ఇదే. ఇప్పుడు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి, హైస్కూలుకు వెళ్లేముందు ఒకసారి చేయిస్తే మంచిది.

ఇంట్లో ఏం చేయాలంటే, అన్నిటికంటే ముందు మాట చెప్పే తీరు మార్చండి. "కాళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని, పుస్తకాలు తీసి, పాలు తాగు" అంటే మీ బాబు మెదడులోకి కాళ్లు కడుక్కోవడం ఒక్కటే చేరుతుంది. మిగతా మూడూ చేయలేదని మీరు అరుస్తారు, తానేం తప్పు చేశాడో తెలియక వాడూ అరుస్తాడు. ఒక్కొక్క మాట చెప్పండి. అది అయ్యాక రెండోది. కొట్టుకు పంపితే తేవలసినవి చీటీ మీద రాసివ్వండి. ఉదయం చేసే పనులు వరుసగా రాసి గోడకు అంటించండి. అలా చేస్తే వాడు ఎప్పటికీ చీటీల మీదే ఆధారపడతాడేమోనని కొందరు తండ్రులు అడుగుతుంటారు. అలా జరగదు. పని జరిగిపోతే వాడికి తన మీద నమ్మకం పోకుండా ఉంటుంది, ఆ నమ్మకం మీదే మిగతా కోలుకోవడమంతా నిలబడుతుంది.

నిద్ర వేళలు గట్టిగా పాటించండి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా దీపాలు ఆర్పేయాలి. పడుకునే ముందు గంట సేపు ఫోను ఇవ్వకండి. బడి నుంచి రాగానే అరగంట పడుకోనివ్వండి, ఆ తర్వాతే ట్యూషను సంగతి. నన్నడిగితే ఈ ఏడాదికి ట్యూషను మానిపించండి. అలాగని చీకటి గదిలో కూర్చోబెట్టి ఏ పనీ చేయనివ్వకపోవడం కూడా తప్పే. మొదటి ఒకటి రెండు రోజులు దాటాక అలాంటి విశ్రాంతి మేలు చేయదని ఇప్పుడు వైద్యులందరూ ఒప్పుకున్నారు. నడవాలి, ఇంటి పనుల్లో చేయి కలపాలి, స్నేహితులతో కూర్చోవాలి. తలనొప్పి పెరగనంత వరకు పెంచుకుంటూ పోవడమే.

ఒద్దన్నవి కొన్ని ఉన్నాయి. డాక్టరు సరేననేదాకా కబడ్డీ, సైకిలు, చెట్లెక్కడం వద్దు. మానుతున్న మెదడుకు రెండో దెబ్బ తగిలితే మొదటిదానికంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. మన ప్రాంతంలో ప్రతి ఇంటి వెనకా ఒక కాలువో చెరువో ఉంటుంది. ఫిట్స్ వచ్చే అవకాశం ఉన్న పిల్లవాడు నీళ్లలో ఒంటరిగా ఉండకూడదు, మోకాలి లోతు నీళ్లయినా సరే. ఈత వచ్చినవాడే కదా అనుకోకండి.

మీ అత్తగారి సంగతి. ఆవిడ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, అది మనవడి మీద ప్రేమ. దాని బదులు మందు ఆపమంటే మాత్రం ఒప్పుకోవద్దు. జ్ఞాపకశక్తికని అమ్మే సిరప్పులకు, పొడులకు డబ్బు పోయకండి. తల గాయాన్ని అవి మాన్పుతాయనడానికి ఆధారం లేదు. ఆ డబ్బుతో గుడ్డు, చేప, పప్పు, పండు పెట్టండి. తరగతి గదిలో కూర్చోలేని మీ బాబు నానమ్మ దగ్గర నిశ్శబ్దంగా గంట సేపు కథ వింటున్నాడని రాశారు. ఆవిడకు ఒక పని అప్పగించండి. కథ చెప్పి, మరునాడు వాడితో తిరిగి చెప్పించుకోమనండి. మేము ఆసుపత్రిలో చేయించే అభ్యాసాల్లో ఇదీ ఒకటి.

బడి విషయంలో ఫోనులో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద ఇవ్వండి. ఇలా రాయవచ్చు: "మా బాబుకు మూడు నెలల క్రితం కారు ప్రమాదంలో మెదడుకు గాయమైంది. కోలుకుంటున్నాడు. వైద్యుల సలహా మేరకు మీ సహాయం కోరుతున్నాము. మొదటి బల్లలో, కిటికీ ఎండ పడనిచోట కూర్చోబెట్టండి. ఒకసారి ఒకే పని చెప్పండి. ప్రతి రెండు పీరియడ్లకు పది నిమిషాలు తల వాల్చుకోనివ్వండి. పది లెక్కల బదులు నాలుగు ఇవ్వండి. పరీక్షలు ఉదయం పూట పెట్టి అదనపు సమయం ఇవ్వండి. డ్రిల్లు పీరియడులో ఆటలకు పంపవద్దు. తలనొప్పి అంటే మాకు ఫోను చేయండి." దీనికి డాక్టరు చీటీ జతచేసి ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. పూర్తి రోజు కూర్చోలేకపోతే రెండు వారాలు మధ్యాహ్నం వరకే పంపండి. టీచర్ల మీద కోపం పెట్టుకోవద్దు. చేతికి కట్టు ఉన్న పిల్లవాడిని రాయమని ఏ టీచరూ బలవంతం చేయరు. మీ బాబు కట్టు బయటకు కనిపించదు, అంతే తేడా.

ఒకవేళ ఏడాది తర్వాత కూడా చదువులో ఇబ్బంది మిగిలితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. దానిలోని 21 రకాల వైకల్యాల్లో మెదడు గాయం అన్న పేరుతో విడిగా వరుస లేదు. మేధోపరమైన వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటి వాటి కింద లోటును బట్టి ధ్రువీకరిస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే పరీక్షల్లో రాయితీలకు, ఇతర సదుపాయాలకు అర్హత వస్తుంది. మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. వారితో ఇప్పుడే పరిచయం పెట్టుకోండి. సర్టిఫికెట్టుకు ఇప్పుడే తొందర లేదు.

తొందర ఉన్నది కేసుకు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పరిహారం కోసం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో, అంటే వాహన ప్రమాద పరిహారాలు తేల్చే న్యాయస్థానంలో, దరఖాస్తు వేయాలి. ఈ నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీకు మూడు నెలలు గడిచిపోయాయి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. అయితే దరఖాస్తు వేయడం వేరు, రాజీ పడటం వేరు. లోక్ అదాలత్‌లో ఒప్పుకున్న రాజీ మీద ఇచ్చే తీర్పే తుది నిర్ణయం, దానిమీద అప్పీలుండదు. ఎనిమిదేళ్ల పిల్లవాడి మెదడు గాయం ఎంత మిగులుతుందో మూడో నెలలో ఏ డాక్టరూ చెప్పలేరు. అలాంటప్పుడు ఆసుపత్రి బిల్లులకు కాస్త కలిపి ఇచ్చి సంతకం పెట్టించుకుంటే, రేపు ఆరో తరగతిలో బయటపడే నష్టానికి ఎవరిని అడుగుతారు? దరఖాస్తు గడువులోపు వేయండి, మానసిక సామర్థ్య పరీక్షలు పూర్తయ్యేదాకా రాజీకి ఒప్పుకోకండి. ఖర్చుకు భయపడకండి, పిల్లలకూ మహిళలకూ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఈ విషయంలో ఒక తీర్పు చెప్పాలి. 2007లో 12 ఏళ్ల అమ్మాయి తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళ్తుండగా లారీ ఢీకొని మెదడు తీవ్రంగా దెబ్బతింది. ట్రిబ్యునల్ ఇచ్చింది 11 లక్షల చిల్లర, హైకోర్టు దాన్ని 25 లక్షలు దాటించింది. 2020లో సుప్రీంకోర్టు 62 లక్షలు దాటించింది. జీవితాంతం ఆమెను చూసుకోవడానికి కావలసిన మనుషుల ఖర్చును, కోల్పోయిన పెళ్లి అవకాశాలను, భవిష్యత్తు వైద్యాన్ని లెక్కలోకి తీసుకుంది. మీ బాబు స్థితి దానితో పోల్చదగినది కాదు, కాకూడదు కూడా. పిల్లల గాయాన్ని బిల్లులతో కాక బతుకుతో కొలవాలని న్యాయస్థానం చూసిన తీరు మీ లాయరుకు తెలిసి ఉండాలి. ఎఫ్ఐఆర్, ఎంఎల్‌సీ (ఆసుపత్రి పోలీసుల కోసం రాసే గాయాల నివేదిక) నకలు, స్పృహ ఎంతసేపు లేదన్నది రాసిన మొదటి కేసు షీటు, బిల్లులు, బడి హాజరు, ఆ రెండు నోటుబుక్కు పేజీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి.

ఇది చదువుతున్న మిగతావారికి ఒక్క మాట. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. ఆసుపత్రిలో అడగండి. గాయపడినవారిని చేర్పించినవారిని పోలీసులు వేధించకుండా చట్టంలో రక్షణ ఉంది, కాబట్టి వెనకాడవద్దు. మన డెల్టాలో రోడ్డు పక్కనే కాలువ. కారుతోపాటు నీళ్లలో పడిన పిల్లవాడికి తల దెబ్బ కంటే ఊపిరి ఆడకపోవడమే మెదడును వేగంగా చంపుతుంది. బయటకు తీసిన వెంటనే పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూడకండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టి, 108కు ఫోను చేయించండి. మెడను తిప్పకండి, చేతులు కాళ్లు పట్టుకుని వేలాడదీసి మోయకండి.

మీ బాబు విషయంలో ఇంకొక్కటి, చాలామంది మరిచిపోయేది. మెదడు అడుగున ఎదుగుదల హార్మోన్లు పంపే పీయూష గ్రంథి ఉంటుంది, గట్టి కుదుపుకు అదీ దెబ్బతినవచ్చు. మూడు నెలలకొకసారి గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి తేదీతో రాసుకోండి. ఎత్తు పెరగడం ఆగిపోయినా, విపరీతంగా దాహమై రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేస్తున్నా, వయసుకు ముందే యవ్వన లక్షణాలు కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి.

బాబును ఒళ్లో కూర్చోబెట్టుకున్నది మీరేనని, ఆ తప్పు మీదేనని మళ్లీ మళ్లీ రాశారు. అమ్మా, మన ఇళ్లలో ప్రతి తల్లీ అలాగే కూర్చుంటుంది, అదే భద్రమని మనకు నేర్పారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఢీకొన్నప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడిని చేతులతో ఆపగల బలం ఏ మనిషికీ లేదు. మీరు వదిలేశారని కాదు, పట్టుకోవడం ఎవరివల్లా కాదని. ఇకమీదట ఏం చేస్తారన్నదే ముఖ్యం. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాలని, లేకపోతే నడిపేవారికి వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణలో ఉంది. పిల్లలు వెనక సీటులోనే కూర్చోవాలి. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దాని దెబ్బ చిన్నపిల్లల తలకే తగులుతుంది.

వచ్చే నెల తాడేపల్లిగూడెంలో మీ తమ్ముడి పెళ్లి, వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లండి, నలుగురిలో ఉండటం వాడికి మంచిది. వెనక సీటులో, కింద ఎత్తు సీటు (బూస్టర్ సీటు) వేసి, బెల్టు భుజం మీదుగా వచ్చి నడుము ఎముక మీద పడేలా పెట్టండి. ఎత్తు 145 సెంటీమీటర్లు వచ్చేదాకా ఆ ఎత్తు సీటు కావాలి, లేకపోతే బెల్టు మెడనూ పొట్టనూ కోస్తుంది. మెడకు ఒరుసుకుంటోందని బెల్టును చంక కిందకు జరపకండి. కారులో ఎన్ని బెల్టులుంటే అంతమందే ఎక్కండి. మండపంలో మైకులకు, బ్యాండుకు దూరంగా గది ఒకటి ముందే అడిగి పెట్టుకోండి. ముహూర్తం అర్ధరాత్రి అయితే బాబును తొమ్మిదిన్నరకే పడుకోబెట్టండి, తాళి కట్టే వేళ లేపవద్దు. ఫొటోలకు పొద్దున నిలబెట్టవచ్చు. రాత్రి మందు సీసా మీ చేతి సంచిలోనే పెట్టుకోండి, సూట్‌కేసులో వద్దు.